రెండో రాడ్డు

పల్లంకుర్రు దాటాక తారు అయిపోతుంది.
అక్కడ జీపు ఆపి దిగాలి.
ముందు చక్రం నడిమధ్య
కొబ్బరి చిప్పంత బిళ్ళ ఉంటుంది.
టక్కుమనేదాకా తిప్పాలి.
చుట్టూ తిరిగి అటువైపుదీ తిప్పాలి.
ఒకటి తిప్పి ఒకటి మరిచావా,
ఇంజను బలమంతా వదులు వైపుకే పోతుంది,
సారా కొట్టు దారి పట్టిన కూలి డబ్బుల్లా.

ఇది నా తెలివి కాదు,
ఇస్సాకు మావది.

పెద్ద రాడ్డు రోజూ నా అరచేతిలో అరిగేది.
దాని పక్కన పొట్టిది ఇంకోటి,
గుండు మీద అంకెలు చెరిగిపోయి,
పిలిస్తేనే పలికే రకం.
డ్రైనేజీ వాళ్ళ వేలంలో జీపు పాడుకున్న కొత్తలో
నాలుగు చక్రాలూ లాగుతుంటే
రెంటితో పోవడం నామోషీ అనిపించింది నాకు.
నడివేసంగిలో, ముమ్మిడివరం రోడ్డు మీద,
పొట్టి రాడ్డు ముందుకు నెట్టి
మీసం మీద చెయ్యేసుకుని పోయాను.
మలుపులో స్టీరింగు గిత్తలా తల విసిరింది.
టైరు కీచుమంది.
రాడ్డు వెనక్కి రానంది.

ఇస్సాకు మావ నవ్వలేదు. అదే నయం.
"మలుపులో ముందు చక్రం ఎక్కువ నడవాలి,
వెనకది తక్కువ నడవాలి.
రెంటినీ ఒకే తాడుకి కట్టేశావు.
బురదలో అయితే ఏదో ఒకటి కాస్త జారి
సర్దుకుపోతాయి.
తారు జారనివ్వదు.
ఆ పంతమంతా పెట్టె లోపల మెలిపడుద్ది" అన్నాడు.
రెండు బారలు తిన్నగా వెనక్కి పొమ్మన్నాడు.
రాడ్డు దానంతటదే ఊడి చేతిలోకొచ్చింది.

అప్పట్నించి భయం.
పదమూడు నెలలు దాని జోలికే పోలేదు.

ఆశ్వయుజం వాన.
చిర్రయానం వైపు చెరువు పట్టారు రాత్రి.
నలభై ట్రేల రొయ్య, పైన ఐసు,
గట్టు మీద బంకమట్టి.
బిళ్ళలు తిప్పాను, రెండూ.
పొట్టి రాడ్డు నెట్టాను.
గోడని నెట్టినట్టుంది.
కాలితో తన్నాను. దండం పెట్టాను.
వెనక చక్రాలు గొయ్యి తవ్వుకుంటుంటే
ముందువి రెండూ
అలిగొచ్చిన వియ్యాలవారిలా చూస్తూ నిలబడ్డాయి.
వెనకనుంచి ఐసు నీళ్ళు
బొట్టు, బొట్టు, బొట్టు.
తెల్లారేసరికి రొయ్య తల ఎర్రబడింది.
నలభై కౌంటుకి ఎనభై రేటు కట్టాడు కొనేవాడు.
నేను బేరమాడలేదు.

ఇస్సాకు మావ అడుగున దూరి బిరడా విప్పాడు.
నూనె టీ రంగులో కారింది,
పాలెక్కువైన టీ.
"కాలవలో ఎన్నిసార్లు దింపావు?"
"లెక్క లేదు."
"ఒక్కసారన్నా విప్పి చూశావా?"
వాన చప్పుడు విన్నాను.
ఆయన వేలు ముంచి, వాసన చూసి,
నా చొక్కాకే తుడిచాడు.

ఇప్పుడు నెలకో ఆదివారం
ప్రార్థన అయ్యాక ఆయన్ని ఎక్కించుకుంటాను.
ఇసుక రేవులోకి దిగి
పని లేకపోయినా, బరువు లేకపోయినా
నాలుగు చక్రాలతో మూడు మైళ్ళు తిరుగుతాం.
లోపలి పళ్ళన్నీ నూనెలో తడవాలి,
పక్కవాడెవడో మరిచిపోకూడదు.
అడుగు గేరు కావాలంటే బండి పూర్తిగా ఆగాలి,
పరుగులో అడిగితే పళ్ళు రాలతాయి.
ఆయన మాట్లాడడు.
చేతులు వణుకుతున్నాయి ఈమధ్య.
చెవి మాత్రం గేరు పెట్టె దగ్గరే ఉంటుంది.
"ఊఁ" అంటే బాగున్నట్టు.
"ఊ?" అంటే గ్రీజు గన్ను తీయాలి,
క్రాసుల్లోంచి పాత నల్లది బయటికొచ్చి
కొత్తది తొంగిచూసేదాకా కొట్టాలి.

సముద్రం వైపు పోయొచ్చిన రోజు
అడుగంతా కడగాలి.
బోరు నీళ్ళతో కాదు, అవీ ఉప్పే.
కాలవ నీళ్ళు.
కాలవలు కట్టేసిన నెలలో
డ్రమ్ము కొని పోస్తుంటే
మా మంగతాయారు గుమ్మంలో నిలబడి
"మాకు గొంతు తడవట్లేదు,
దాని పొట్టకి స్నానమా" అనేది.

మొన్న వరదప్పుడు
గట్టు మీదుగా వాళ్ళ అక్క ఇంటి సామాను
మూడు తిప్పల్లో తెచ్చాను.
టీవీ, బియ్యం, రెండు మేకలు.
పొట్టి రాడ్డు వేలితో పడింది.
మంగతాయారు అది చూసింది, ఏమీ అనలేదు.

నిన్న పొద్దున గిన్నెలు తోముతూ,
తల ఎత్తకుండానే అడిగింది:
"ఈ నెల తిప్పావా దాన్ని?"